నీళ్ళతో కాపురం

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి కాలవంటే కొత్తేముందండీ? మాది పామర్రు. విజయవాడ నించి బందరు వెళ్ళేటప్పుడు ఉయ్యూరు దాటాక వస్తుంది. గుడివాడకి దారి చీలేది మా ఊళ్ళోనే. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయి కాలవలు పారినప్పటి నించీ మా వైపు వాళ్ళ అన్నం, స్నానం, ప్రయాణం అన్నీ ఆ నీళ్ళ చలవే. అలాంటి మమ్మల్ని పట్టుకుని మా అమ్మాయి, "అమ్మా, చలికాలంలో రండి. ఇది కాలవల ఊరు. పండగ రోజుల్లో కాలవల నిండా దీపాలు పెడతారు, చూసి తీరాలి" అని ఫోను చేసింది. దానిది ఆమ్‌స్టర్‌డామ్‌లో కంప్యూటరు ఉద్యోగం.

"కాలవ చూడ్డానికి విమానం ఎక్కాలా? పెరటి తలుపు తీస్తే కనబడుతోందిగా" అన్నారు మా వారు. అన్నారే గాని, మర్నాడు పొద్దున్నే అటక మీది పెట్టె దించి దులుపుతూ కనిపించారు. కూతురు పిలిస్తే తండ్రులంతే.

2024 నవంబరు ఆఖర్న వెళ్ళాం. చలి సంగతి చెప్పొద్దూ! రెండు జతల మేజోళ్ళు, చీర, చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద మా అల్లుడి కోటు, నెత్తిన ఉన్ని టోపీ. అద్దంలో చూసుకుంటే సంక్రాంతికి వచ్చే పిట్టలదొర గుర్తొచ్చాడు. పొద్దున్న ఎనిమిదిన్నర దాకా తెల్లవారదు. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ చీకటి. టిఫినూ భోజనమూ ముగించి గిన్నెలు సర్దేసరికి సంధ్యాదీపం వేళయిపోతుంది.

నాకు అక్కడ మొదట నచ్చినవి కాలవలు కావు, ఇళ్ళు. ప్రతి ఇల్లూ కాలవకి ఎదురుగా ముఖం పెట్టి నించుంటుంది. వీధి గుమ్మం, పెద్ద పెద్ద కిటికీలు, పూలకుండీలు, ఎండ వస్తే కూచోడానికో బల్ల, అన్నీ అటే. చాలామంది కిటికీలకి తెరలు కూడా వెయ్యరు. వెడల్పు చూస్తే మన బజార్లో కిరాణా కొట్టంత, ఎత్తు మాత్రం నాలుగైదు అంతస్తులు. మెట్లంటారా, మా అటక నిచ్చెనే నయం. ఆ మెట్ల మీద బీరువా ఎలా ఎక్కుతుందా అని నాకు పెద్ద బెంగ పట్టుకుంది. తల పైకెత్తి చూస్తే తెలిసింది. ఇంటి నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన ఒక దూలం, దానికో కొక్కెం. నూతి గిలకలా దానికి తాడు వేసి, సామానంతా బయట నించే లాగి కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు.

కింద నేల బొత్తిగా బురద. అంచేత కొయ్య దుంగలు దిగ్గొట్టి వాటి మీద ఇళ్ళు కట్టారు. ఊరి నడిబొడ్డున ఉన్న రాజభవనం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయిట. లెక్క గుర్తుండడానికి అక్కడి పిల్లలకి ఒక చిట్కా చెబుతారు: ఏడాదికి 365 రోజులు, దానికి ముందు ఒకటి, వెనక తొమ్మిది. మా వారికి ఇది తెగ నచ్చేసింది. తిరిగొచ్చాక ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ లెక్క అప్పచెబుతున్నారు.

మేం వెళ్ళిన నాలుగు రోజులకే పోలి పాడ్యమి వచ్చింది. డిసెంబరు 2. సూర్యోదయం కాకుండా దీపాలు వదలాలని మన ఊళ్ళో నాలుగింటికి లేచి గజగజ వణుకుతామా, అక్కడ ఏడింటికి తాపీగా లేచి తలంటుకున్నా ఇంకా నడిజాములాగే ఉంది. పుణ్యానికి ఇంత సుఖమైన ఊరు ఇంకోటి ఉండదనుకున్నాను. అరటి దొప్పలు ఎక్కణ్ణించి వస్తాయి? మా అమ్మాయి కమలాపండ్లు సగానికి కోసి, గుజ్జు తీసి, డిప్పల్లో నెయ్యి పోసి వత్తులు వేసింది. బొమ్మరిల్లు పెట్టినట్టు ముద్దుగా ఉన్నాయి. సరే, కాలవ ఎదురుగానే ఉందిగదాని నేను పళ్ళెం పట్టుకుని బయల్దేరబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, కాలవలో ఏదీ వెయ్యకూడదు. జరిమానా వేస్తారు."

"చెత్త కాదే, దీపం!"

"ఆరిపోయాక అదీ చెత్తే కదమ్మా."

ఏమనను? స్టీలు బేసిన్లో నీళ్ళు పట్టి, కాలవ కనిపించే కిటికీ దగ్గర పెట్టి, అందులో వదిలాం. పోలి కథ కూడా అదే చెప్పింది. "అత్తగారు తక్కిన కోడళ్ళని నదికి తీసికెళ్ళి పోలిని ఇంట్లో వదిలేస్తే, కవ్వానికంటిన వెన్న తీసి ఇంటి దగ్గరే దీపం పెట్టుకోలేదూ? స్వర్గానికి వెళ్ళింది ఆవిడే" అంది. నా దగ్గర నేర్చుకున్న కథే నాకు అప్పజెప్పింది.

కాని ఒక మాట చెప్పాలి. పామర్రులో కూడా అయిదారేళ్ళుగా నేను దీపాలు బేసిన్లోనే వదుల్తున్నాను. రేవు మెట్ల మీద కాలు పెట్టేటట్టు లేదు. పాలిథిన్ సంచులు, విందుల తాలూకు విస్తళ్ళు, సీసాలు, వాటి మీద గుర్రపుడెక్క. అక్కడేమో కాలవ పాడవకూడదని బేసిను పెట్టాం. ఇక్కడ పెట్టేది కాలవ పాడైపోయిందని. ఆ పూట పూజ అయ్యాక కూడా నా మనసు ఆ బేసిను దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు రాత్రి దీపాల పడవ ఎక్కాం. 2012 నించీ ఏటా చలికాలంలో ఈ దీపాల పండగ జరుగుతోందిట. పడవకి అద్దాల కప్పు, లోపల వెచ్చగా ఉంది, చేతికి వేడివేడి చాక్లెట్టు పాలిచ్చారు. నీళ్ళ మీదా ఒడ్డు మీదా దీపాలతో అల్లిన బొమ్మలు. ఒక మలుపు దగ్గర పడవ నిదానించింది. ఒకదాని వెనక ఒకటి ఏడు వంతెనలు, ప్రతి వంతెన కమానుకీ దీపాల తోరణం, నీళ్ళలో ఇంకో ఏడు. పక్కన కూచున్న మా వారు చప్పుడు చెయ్యకుండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిరి పట్టిందన్నారు.

పడవలో చెప్పే ఆయన, పెద్ద కాలవలు 1613లో తవ్వడం మొదలెట్టారనీ, 2010లో యునెస్కో వారు వీటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించారనీ చెప్పాడు. "1613 అంటే అప్పటికే వీళ్ళ ఓడలు మన బందర్లో ఉన్నాయి" అన్నారు మా వారు. నిజమే, డచ్చి వాళ్ళ గోరీలు బందరు కోటలో ఇప్పటికీ ఉన్నాయి. మన అద్దకం బట్టలు ఓడలకెత్తి ఇక్కడ అమ్ముకున్నారు. మనం చీటి గుడ్డ అంటాం, వాళ్ళు సిట్స్ అంటారు. వాటితో కుట్టించుకున్న కోట్లు, గౌన్లు అక్కడి మ్యూజియాల్లో దాచుకున్నారు. కరువు రోజుల్లో మన తీరం నించి మనుషుల్ని కూడా కొని బానిసలుగా తీసికెళ్ళారు. ఆ దీపాల్లో మెరిసే మేడల కింద మన వాళ్ళ చెమట కొంత ఉందని తెలిశాక, నాకు వాటిని చూసి మరీ నోరు తెరవక్కర్లేదనిపించింది. అందం అందమే, లెక్క లెక్కే.

డిసెంబరు 5 వాళ్ళ సింటర్‌క్లాస్ పండగ. తెల్లగడ్డం తాత. నవంబర్లోనే స్పెయిన్ నించి స్టీమరు మీద వస్తాడని పిల్లల నమ్మకం. తాత గుర్రానికని బూటులో క్యారట్ పెట్టి పడుకుంటారు, తెల్లారేసరికి అందులో మిఠాయి ఉంటుంది. పడవ మీద వచ్చే తాత అంటే నాకు మా తాతయ్యే గుర్తొచ్చారు. మా చిన్నతనంలో ఆయన కూడా సంక్రాంతికి కొత్త బియ్యం బస్తాలు, చెరుకు గడలు పడవలో వేయించుకుని వచ్చేవారు. రేవులో పడవ ఆగీ ఆగకముందే మేం చెరుకు లాగేసేవాళ్ళం. అక్కడ ఇంకో ముచ్చట ఉంది. బహుమతితో పాటు, పుచ్చుకునేవాళ్ళని ఆటపట్టిస్తూ ఒక పద్యం రాసివ్వాలి. మా అల్లుడు మా వారి గురక మీద నాలుగు పంక్తులు రాశాడు. మావగారి మీద పద్యం కట్టే అల్లుణ్ణి మన వైపు చూశారా ఎక్కడైనా? ఆయన మూడుసార్లు చదివించుకుని మరీ నవ్వారు.

తిళ్ళు కూడా మనకి మరీ పరాయివి కావు. పోఫర్‌చెస్ అని అమ్ముతారు, గుంటల పెనం మీద పిండి పోసి తిప్పుతున్నారు. అచ్చం మన గుంత పునుగులే! కాకపోతే అల్లప్పచ్చడికి బదులు వెన్నా, పంచదార పొడీ. కొత్త సంవత్సరానికి ఓలీబొల్లెన్ అని కిస్మిస్ వేసిన బొండాలు కాగే నూనెలో వేస్తారు. ఆ వాసనకి చలి సగం పోతుంది.

నేను ఎక్కువగా మాట్లాడింది మాత్రం కింద వాటాలో ఉండే ఎనభై ఏళ్ళ పెద్దావిడతో. నా ఇంగ్లీషు ఆవిడకి, ఆవిడ ఇంగ్లీషు నాకు సరిగ్గా సరిపోయాయి. తక్కింది మా అమ్మాయి పూరించింది. "మీ కాలవలు ఎంత శుభ్రంగా ఉన్నాయండీ" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "నా చిన్నప్పుడు ముక్కు మూసుకుని నడిచేవాళ్ళం" అంది.

పూర్వం ఊరి మురుగంతా అందులోకేనట. 1866లో కలరా వచ్చింది. కొన్ని కాలవలు పూడ్చి రోడ్లు వేసేశారు కూడా. 1954లో పోలీసు పెద్ద ఒకాయన, కార్లు పెరిగాయి గనక ఇంకొన్ని పూడ్చేద్దామన్నాడు. జనం ససేమిరా అన్నారు. కాలవ ఒడ్డు ఇళ్ళ మురుగు నేరుగా నీళ్ళలో కలవకుండా పూర్తిగా ఆపేసరికి 1980లు వచ్చాయి. ఇప్పుడు కూడా వారంలో కొన్ని రాత్రులు లాకులు మూసి, బయట నించి మంచి నీరు తోడి కాలవలు కడుగుతారు. లాకులంటే మనకి చెప్పాలా! ఇంతా చేసి, ఏటా పన్నెండు నించి పదిహేను వేల సైకిళ్ళు కాలవల్లోంచి పైకి తీస్తారుట. అదిగో, ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడింది. పారేసే బుద్ధి అన్నిచోట్లా ఉంది. తీసేవాళ్ళు ఉన్నారా లేదా అన్నదే తేడా.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. 1953 ఫిబ్రవరి 1 రాత్రి సముద్రం కట్టలు తెంచుకుని వచ్చి వాళ్ళ దేశంలో 1,836 మంది పోయారు. అప్పుడు ఆవిడ చిన్నపిల్ల. నేను 1977 నవంబరు 19 చెప్పాను. దివిసీమ ఉప్పెన నాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ రాత్రి గాలి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మేం వెళ్ళేటప్పటికి మూడు నెలల ముందే, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. అదీ చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీళ్ళకి వీపు చూపించకూడదు" అంది.

ఆ మాట నాకు బాగా నాటుకుంది. మా చిన్నప్పుడు మా అరుగులు కాలవ వైపే ఉండేవి. కాలవలోంచే వార్త వచ్చేది, చుట్టం వచ్చేవాడు, ధాన్యం పోయేది. బస్సులు వచ్చాక ఇళ్ళన్నీ రోడ్డు వైపు తిరిగిపోయాయి. కాలవకి మన పెరళ్ళు మిగిలాయి. ముంగిట్లో ముగ్గేస్తాం, పెరట్లో తుక్కు పోస్తాం. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు, దీనికి మేధావులు అక్కర్లేదు. నీళ్ళతో కాపురం చేసేవాళ్ళు వాటి ముఖం రోజూ చూస్తూ ఉండాలి. ఇంట్లో మనిషి ముఖం చూడకపోతే ఏమవుతుందో మనకి తెలీదూ?

జనవరి మొదట్లో తిరిగొచ్చాం. ఆ తరవాతి కార్తీకానికి ముందు మా వీధిలో ఆడవాళ్ళం ఆరుగురం కలిసి నాలుగు ఆదివారాలు రేవు మెట్లు శుభ్రం చేశాం. మొదటి ఆదివారం జనం వింతగా చూశారు. రెండో ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు లుంగీలు ఎగ్గట్టి దిగి గుర్రపుడెక్క లాగారు. మూడోవారం మా వారు పెరటి తలుపుకి రంగు వేయించి, బయట ఒక సిమెంటు బల్ల కట్టించారు, కాలవ వైపు. సాయంత్రం కాఫీ ఇప్పుడు అక్కడే. బల్ల మీద ఎవరైనా కూచుని ఉంటే సంచీ విసరబోయిన చెయ్యి కాస్త వెనక్కి తగ్గుతోంది.

పోలి పాడ్యమి వేకువన నలభై దీపాలు దాకా నీళ్ళలో వదిలాం. అరటి దొప్పల్లోనే. వెలుగొచ్చాక అన్నీ మళ్ళీ ఏరి ఒడ్డుకి తెచ్చాం, అది మా అమ్మాయి పెట్టిన షరతు. ఫోన్లో చూస్తూ అది లెక్కపెట్టింది. కిందనున్న వంతెన దాటాక గుర్రపుడెక్క ఇంకా అలాగే ఉంది. అక్కడ ఇళ్ళవాళ్ళు కూడా ఒక బల్ల వేసుకుంటే బావుండునని చూస్తున్నాను.