ఒక డేగ... మూడు దేశాలు

కారంటే పెద్దదిగా ఉండాలి. ముందు క్రోమ్ పళ్లికిలించాలి. వెనక తోకలు రెక్కల్లా పైకి లేవాలి. మలుపు తిరగాలంటే వీధంతా కావాలి. 1950ల్లో అమెరికాలో మధ్యతరగతి ఇంటి యజమాని లెక్క అది. పెట్రోలు చవక, రోడ్లు విశాలం, జీతాలేమో పెరుగుతున్నాయి. చిన్న కారు కొనడానికి ఏం ఖర్మ!

అయినా కొన్నారు. జర్మనీ నుంచి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని డెట్రాయిట్ పెద్దలు మొదట్లో అంతగా పట్టించుకోలేదు. తీరా చూస్తే 1959 నాటికి అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి పది కార్లలో దాదాపు ఒకటి విదేశాల నుంచి వచ్చిందే. ఇంటి దొంగ మరొకడున్నాడు. అమెరికన్ మోటార్స్ అనే చిన్న కంపెనీ రాంబ్లర్ అనే పొట్టి కారు అమ్ముకుని హాయిగా లాభాలు చేసుకుంటోంది. దానికి తోడు 1958లో ఆర్థిక మాంద్యం. జనం జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. దాంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ మూడూ మేలుకున్నాయి. 1959 చివర్లో వెంటవెంటనే మూడు చిన్న కార్లు వచ్చాయి... షెవర్లే కార్వేర్, క్రైస్లర్ వేలియంట్, ఫోర్డ్ ఫాల్కన్.

ఫాల్కన్ అంటే డేగ. పేరులో ఉన్న దూకుడు ఆ కారులో వెతికినా కనిపించదు. మూడింటిలోనూ అతి సాదాసీదా కారు అదే. అలా ఉండాలనే పట్టుబట్టి మరీ తయారు చేయించినవాడు రాబర్ట్ మెక్‌నమారా.

కళ్లజోడు, నున్నగా వెనక్కి దువ్విన జుట్టు, చేతిలో అంకెల కాగితాలు. మెక్‌నమారాది కార్ల పిచ్చి కాదు, లెక్కల పిచ్చి. హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూ రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళం గణాంక విభాగంలో చేరాడు. ఏ విమానానికి ఎంత ఇంధనం, ఎన్ని బాంబులు, ఎంత నష్టం అన్న లెక్కలు చూసిన ఆ విభాగం నుంచే పది మంది అధికారులు 1946లో మూకుమ్మడిగా ఫోర్డ్ కంపెనీలో చేరారు. వాళ్లలో ఒకడు మెక్‌నమారా. ఫోర్డ్ 1957లో ఎంతో ఆర్భాటంగా విడుదల చేసిన ఎడ్సెల్ కారు ఘోరంగా దెబ్బతింది. ఆ ఆర్భాటాలంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. కారంటే ఆయన దృష్టిలో మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే వస్తువు. చవగ్గా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, ఆరుగురు కూర్చోవాలి. అంతే!

వచ్చిన కారు అచ్చం అలాగే ఉంది. పొడవు 15 అడుగులు. బరువు వెయ్యి కిలోలకు కాస్త ఎక్కువ. అప్పటి పెద్ద ఫోర్డ్ కంటే రెండున్నర అడుగులకు పైగా పొట్టి. (అమెరికా వాళ్ల చిన్న కారు మన అంబాసిడర్ కన్నా దాదాపు అడుగు పొడుగన్నమాట!) ముందు సీటు అడ్డంగా ఒకే బల్ల. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే. పాత అంబాసిడర్లో తిరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆరు సిలిండర్ల చిన్న ఇంజిన్, 90 గుర్రాల బలం. గ్యాలన్‌కు 30 మైళ్ల దాకా వస్తుందని ప్రకటనలు. ధర 2 వేల డాలర్ల లోపు. ఇంటి ముందు నిలబడి సొంతంగా విప్పుకుని బాగు చేసుకోగలిగేంత సులువు. బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చేతులు పెట్టడానికి కావలసినంత చోటు.

ప్రకటనల్లో చార్లీ బ్రౌన్, స్నూపీ కనిపించారు. పత్రికల్లో బొమ్మలుగా ఉన్న ఆ పీనట్స్ పిల్లలు మొట్టమొదట తెరమీద కదిలింది ఈ కారు ప్రకటనల కోసమే. మొదటి ఏడాదే 4 లక్షల 35 వేలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి. వెనక ఇంజిన్ పెట్టి వింత చేసిన కార్వేర్ వెనకబడిపోయింది. లెక్కల మాస్టారు గెలిచాడు.

1960 నవంబరులో ఫోర్డ్ కుటుంబానికి బయటివాడైన మెక్‌నమారా కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు. అయిదు వారాలు గడిచాయో లేదో, అప్పుడే గెలిచిన కెనెడీ నుంచి పిలుపు. రక్షణ మంత్రి పదవి! ఆ తర్వాత వియత్నాం. అక్కడా అంకెలే... ఎన్ని బాంబులు, ఎన్ని శవాలు. కారు తయారీలో పనికొచ్చిన లెక్క యుద్ధంలో ఎంత గుడ్డిదో తెలిసేసరికి ఆలస్యమైపోయింది. తాము చేసింది తప్పేనని 1995లో తన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నాడు. 1968 నుంచి 1981 దాకా ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడిగా మన పాత తరం పత్రికా పాఠకులకూ ఆయన పేరు పరిచయమే. 2009లో పోయాడు.

మళ్లీ కారు దగ్గరికొద్దాం. ఫాల్కన్‌కు ఒక్కటే జబ్బు... బోరు. అమ్మానాన్నల కారు, టీచరమ్మ కారు అనిపించుకుంది. కుర్రకారు కన్ను వేరే చోట పడింది. కార్వేర్‌లో రెండు విడి సీట్లు పెట్టి, కాస్త సోకు చేసి, మోంజా అని వదిలితే ఎగబడి కొన్నారు. మెక్‌నమారా కుర్చీ దిగాక ఫోర్డ్ విభాగంలో చక్రం తిప్పుతున్న లీ అయకోకా ఇది గమనించాడు. ముందు ఫాల్కన్‌కే విడి సీట్లు పెట్టారు. తర్వాత పైకప్పు తీసేసి చూశారు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ బిగించి మోంటేకార్లో ర్యాలీకి కూడా పంపారు. 1964లో అక్కడ రెండో స్థానం కొట్టింది. మొదటి స్థానం ఎవరిదనుకున్నారు? బ్రిటిష్ వాళ్ల బుల్లి మినీ కూపర్ది!

ఎన్ని చేసినా అదే ముఖం. దాంతో అయకోకా ముఖమే మార్చేశాడు. కింద ఫాల్కన్ అస్థిపంజరం చాలావరకు అలాగే ఉంచి, పైన పొడుగాటి బానెట్, పొట్టి డిక్కీ తొడిగాడు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన ఆ కారు పేరు మస్టాంగ్. తొలిరోజే 22 వేల ఆర్డర్లు. ఏడాదిలో 4 లక్షలకు పైగా అమ్మకాలు. కొన్నవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, వాళ్లు ఎక్కి ఊరేగింది టీచరమ్మ కారే. చీర మారిందంతే.

కూతురి పెళ్లికి ఒంటిమీది నగలిచ్చేసిన తల్లిలా అయింది ఫాల్కన్ పని. గిరాకీ ఏటికేడు పడిపోయింది. 1970 జనవరి నుంచి కొత్త కార్లకు స్టీరింగ్ తాళం తప్పనిసరి అని నిబంధన వచ్చింది. పాత ఫాల్కన్‌కు అది బిగించే ఖర్చు దండగనుకున్నారు. అప్పటికే మావెరిక్ అనే కొత్త చిన్న కారు మార్కెట్లో ఉంది. ఫాల్కన్ పేరును కొన్ని నెలలు వేరే కారుకు తగిలించి, అదీ తీసేశారు. అమెరికాలో కథ పదేళ్లకే ముగిసింది.

ఆకుపచ్చ కారు

ఇక్కడితో ఆగిపోతే ఇది పాత కార్ల పిచ్చివాళ్ల కబురే. కానీ డేగ అప్పటికే రెండు సముద్రాలు దాటింది.

అర్జెంటీనాలో 1962లో అడుగుపెట్టింది. బ్యూనస్ ఎయిరిస్ దగ్గర పచేకోలోని కర్మాగారంలో తయారైంది. అమెరికా మరిచిపోయిన ఆ మొదటి రూపాన్నే లైట్లూ గ్రిల్లూ మార్చుకుంటూ 1991 దాకా చేస్తూనే ఉన్నారు. మన అంబాసిడర్ కథ గుర్తొస్తే తప్పులేదు. దాదాపు 5 లక్షల కార్లు. ట్యాక్సీ అదే, డాక్టరుగారి కారు అదే, రేసు కారూ అదే. ఫోర్డ్ సొమ్ముతో టీవీలో ‘ఫాల్కన్ కుటుంబం’ అనే ధారావాహిక 1962 నుంచి 1969 దాకా సాగింది. ఒక కారు పేరే ఇంటిపేరుగా ఉన్న మధ్యతరగతి సంసారం అది. దేశమంతా కూర్చుని చూసింది.

ఆ తర్వాత 1976 మార్చి 24. సైన్యం అధికారం లాక్కుంది. ఆపైన ఏడేళ్లు అర్ధరాత్రిళ్లు వీధిలో కారు చప్పుడైతే ఇంట్లోవాళ్లు ఊపిరి బిగబట్టేవారు. నంబరు ప్లేటు లేని ఆకుపచ్చ ఫాల్కన్ వచ్చి ఇంటి ముందు ఆగితే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు మాయం. విద్యార్థి కావచ్చు, కార్మిక నాయకుడు కావచ్చు, గర్భిణి కావచ్చు. ఎక్కించుకుపోయాక ఏ స్టేషన్లోనూ పేరుండదు. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక వేసిన కమిషన్ 1984 నివేదికలో దాదాపు 9 వేల మంది వివరాలు నమోదు చేసింది. మానవ హక్కుల సంఘాలు చెప్పే లెక్క 30 వేలు. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు ‘మా పిల్లలేరీ?’ అని అధ్యక్ష భవనం ఎదుటి కూడలికొచ్చారు. వాళ్లూ, వాళ్ల వెనక వచ్చినవాళ్లూ నెత్తిన తెల్ల రుమాళ్లు కట్టుకుని ప్రతి గురువారం అక్కడే తిరిగేవారు.

కారు చేసిన పాపమేముంది అంటారా? నిజమే, ఇనుముకేం తెలుసు. కానీ ఆ కర్మాగారానికి తెలుసు. పచేకోలో పనిచేసే 24 మంది కార్మికులను సైనికులు ఎత్తుకెళ్లారు. కొందరిని పని చేస్తున్న చోటి నుంచే లాక్కెళ్లి, కర్మాగారం ఆవరణలోనే కట్టేసి కొట్టారు. తాము చేసిన కార్లు దేనికి వాడుతున్నారో తెలిసిన చేతులవి. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు, వాళ్ల భార్యలు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. 2018 డిసెంబరులో తీర్పు వచ్చింది. కర్మాగారంలో ఒకప్పుడు పెద్ద హోదాల్లో ఉన్న ఇద్దరికి, ఒక సైనికాధికారికి జైలు శిక్ష. అప్పటికి నిందితులు తొంభైల దగ్గర్లో ఉన్నారు. ఫిర్యాదుదారుల్లో కొందరు ఆ రోజు చూడకుండానే పోయారు.

ఇప్పటికీ ఆ దేశంలో పాత ఫాల్కన్‌ను ముద్దుగా చూసుకునేవాళ్లున్నారు. నాన్న కొన్న కారని, పెళ్లిలో ఎక్కిన కారని. అదే కారు ఆకుపచ్చ రంగులో ఎదురైతే తలతిప్పుకునే వాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒకే వీధివాళ్లు కావచ్చు.

కంగారూల దేశంలో

ఆస్ట్రేలియా కథ ఇంత బరువైంది కాదు. 1960లో మెల్‌బోర్న్ పక్కన బ్రాడ్‌మెడోస్ కర్మాగారం నుంచి తొలి ఫాల్కన్ బయటికొచ్చింది. వచ్చీరాగానే పరువు పోయింది. అమెరికా తారురోడ్లకు తయారైన బండి ఆస్ట్రేలియా కంకర దారుల్లో నడుం విరుచుకుంది. ముందు చక్రాల దగ్గరి బాల్ జాయింట్లు అరిగిపోయేవి. ఒకసారి పేరు చెడితే తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో దుకాణం నడిపినవాళ్లకు తెలుసు. కంపెనీ వాళ్లు 1965లో చావో రేవో తేల్చుకుందామని అయిదు కార్లను పరీక్షా మైదానంలో దింపారు. రాత్రనక పగలనక తొమ్మిది రోజులు. మొత్తం 70 వేల మైళ్లు, సగటున గంటకు 70 మైళ్లకు పైగా వేగం. కార్లు పల్టీలు కొట్టాయి. సొట్టలు పడ్డ కార్లను నిలబెట్టి మళ్లీ తోలారు. చివరికి లెక్క పూర్తయింది. జనం నమ్మారు.

అక్కడి నుంచి అది అమెరికా బండి కాదు, వాళ్ల సొంత బండి. 1972 నుంచి ఆకారం కూడా వాళ్లదే. హోల్డెన్ కారున్న ఇల్లు, ఫాల్కన్ ఉన్న ఇల్లు అంటూ ఊళ్లు రెండుగా చీలి, ఏటా బాథర్స్ట్ రేసు రోజున అరుచుకునేవి. 1979 నాటి ‘మ్యాడ్ మ్యాక్స్’ సినిమాలో మెల్ గిబ్సన్ తోలిన నల్ల కారు ఈ ఫాల్కనే.

మెల్‌బోర్న్‌కు చదువుకోవడానికి వెళ్లిన మన కుర్రాళ్లకు మాత్రం ఇది హీరో కారు కాదు, అన్నం పెట్టిన కారు. 2000లలో ఆ ఊరి పసుపుపచ్చ ట్యాక్సీల్లో ఎక్కువ భాగం ఫాల్కన్లే, గ్యాసు మీద నడిచేవి. అప్పట్లో విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటల పనికే అనుమతి ఉండేది. పగలు క్లాసు, రాత్రి స్టీరింగ్. పంజాబీల పక్కన తెలుగువాళ్లూ ఆ సీట్లో కూర్చున్నారు. 2008 ఏప్రిల్ చివర్లో ఒక భారతీయ విద్యార్థి డ్రైవరును ప్రయాణికుడెవరో కత్తితో పొడిచి పోయాడు. దాంతో వందలమంది డ్రైవర్లు నగరం నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ కూడలిలో బైఠాయించారు. చలిలో చొక్కాలు విప్పేసి రాత్రంతా కూర్చున్నారు. డ్రైవరు సీటుకు రక్షణ తెర, రాత్రిపూట ముందే ఛార్జీ వసూలు... రెండింటికీ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ తర్వాత ఫాల్కన్ ట్యాక్సీ ఎక్కినవాళ్లకు డ్రైవరు ఆ తెర అవతలి నుంచే పలకరించేవాడు.

కారుకు మాత్రం రోజులు దగ్గరపడ్డాయి. దిగుమతి సుంకాలు తగ్గాయి, జపాన్, కొరియా, థాయిలాండ్ కార్లు చవగ్గా దిగాయి, కుటుంబాలు ఎత్తయిన ఎస్‌యూవీల వైపు తిరిగాయి. 2003లో 73 వేలకు పైగా అమ్ముడైన ఫాల్కన్, 2015లో 6 వేలు కూడా దాటలేదు. 2016 అక్టోబరు 7న బ్రాడ్‌మెడోస్ లైను మీద ఆఖరి కారు తయారైంది. నీలం రంగు సెడాన్. బానెట్ కింద మొదటి కారులోలాగే వరసగా ఆరు సిలిండర్లు. ఆ రోజు దాదాపు 600 మంది డ్యూటీ దిగి, గేటు దాటి కారు పార్కింగ్ వైపు నడిచారు. అక్కడ వాళ్లకోసం ఆగి ఉన్న బళ్లలో చాలావరకు వాళ్లు చేసినవే.