డ్రై రన్

మా ఇంటి మోటరు నాలుగు నిమిషాలు తిరిగి ఆగిపోతోంది. మళ్ళీ వేస్తే మళ్ళీ నాలుగు నిమిషాలు. నేనుండేది బెంగళూరులో, మోటరు ఉండేది ఆదోనిలో. అది ఆగిన ప్రతిసారీ నా ఫోనుకో మెసేజ్ వస్తుంది: డ్రై రన్, మోటరు ఆపేశాం. సంపులో నీళ్ళు లేకుండా మోటరు ఉత్తగా తిరుగుతోందని కంట్రోలరు అనుమానం. అట్లా తిరిగితే లోపలి సీలు కాలిపోతుంది, వైండింగుకీ ప్రమాదమే. అందుకే ఆపేస్తుంది. అనుమానించడమే దాని ఉద్యోగం.

స్మార్ట్ హోమ్ అనగానే మీకు వాటంతటవే తెరుచుకునే కర్టెన్లు గుర్తొస్తాయేమో. మా ఊళ్ళో ఆ మాటకు అర్థం నీళ్ళ మోటరు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు ఊరి బయట సమ్మర్ స్టోరేజీ ట్యాంకులోకి, అక్కడినుంచి మున్సిపాలిటీ పైపుల్లోకి, మా వీధికి రోజు మార్చి రోజు తెల్లారుజామున. ఎండాకాలంలో ఆ లెక్క కూడా ఉండదు. వచ్చిన నీళ్ళు సంపులో పట్టుకోవాలి, సంపులోంచి మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కించాలి, ట్యాంకు పొర్లకముందే ఆపాలి. నాన్న ఉన్నన్నాళ్ళూ అది ఆయన పని. నాన్న పోయి నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ మిద్దెక్కి ట్యాంకులోకి తొంగిచూడటం నాకు నచ్చలేదు. ట్యాంకులో సెన్సారు కడ్డీలు, కింద కంట్రోలరు, అన్నిటికీ కలిపి ఒక రాస్‌ప్‌బెరీ పై మీద హోమ్ అసిస్టెంట్. పనిలో పనిగా మెట్ల దగ్గరా, అమ్మ పడగ్గదిలోనూ స్మార్ట్ స్విచ్చులు.

మెట్ల లైటు కథ ముందు చెప్తాను, ఎందుకంటే పాత ఇళ్ళలో ఇలాంటివి పెట్టాలనుకునే ప్రతివాళ్ళూ ఆ గోడకే తల కొట్టుకుంటారు. మామూలు స్విచ్చుకు ఫేజు తీగ ఒక్కటి చాలు. న్యూట్రల్ నేరుగా బల్బుకు పోతుంది. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ దొరుకుతుంది గానీ, ఉత్త స్విచ్చే ఉన్న బోర్డులో ఉండదు. స్మార్ట్ స్విచ్చు ఎప్పుడూ మేలుకొని ఉండాలి, దానికి తిండి కావాలి. న్యూట్రల్ లేకుండా పనిచేసే రకాలు ఆ తిండిని బల్బు గుండానే రవ్వంత కరెంటు లాక్కుని తింటాయి. పాతకాలం ఫిలమెంటు బల్బుకు అది ఒక లెక్క కాదు. ఎల్ఈడీకి చాలు. ఆపేసిన బల్బు రాత్రంతా మిణుగురులా మినుకుమినుకుమంటుంది. "మెట్ల కాడ ఏందో ఉండాది రా" అని అమ్మ ఫోను చేసింది. బల్బు హోల్డరుకు అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్ వేస్తే దెయ్యం వదిలింది. భూతవైద్యం ఖర్చు వంద రూపాయల లోపే.

మోటరు సంగతి అంత తేలిగ్గా తెగలేదు.

మా మామ దీన్ని విని నవ్వాడు. ఆయన పొలం ఎమ్మిగనూరు దోవలో ఉంది. సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టరు చాలా ఏళ్ళుగా వాడుతున్నాడు. ఫోను చేస్తే మోటరు ఆన్, ఇంకోసారి చేస్తే ఆఫ్. ఫోనులో ఆ నంబరు "మోటరు" అనే పేరుతోనే ఉంది, రోజూ ఎక్కువసార్లు మాట్లాడేది దానితోనే. ఆయన స్టార్టరు పనిచెయ్యకపోతే మొదట చూసేది తీగలు కాదు, సిమ్ వ్యాలిడిటీ. మన దేశంలో ఆటోమేషన్ చరిత్ర ఎవరైనా రాస్తే నగరాల అపార్ట్‌మెంట్లతో కాక ఈ స్టార్టర్లతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. అంతకుముందు తరం ఆటో స్టార్టర్లు ఇంకా సూటి: కరెంటు వస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే మోటరు తిరుగుతుంది. చిక్కేమిటంటే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి, లేచేటప్పుడు ప్రతి మోటరూ మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఆటో స్టార్టర్లు తీసెయ్యండి, కెపాసిటర్లు పెట్టుకోండి అని కరెంటు ఆఫీసు వాళ్ళు మొత్తుకునేది అందుకే. ఒక్కొక్కటిగా చూస్తే ఏ యంత్రమూ తప్పు చెయ్యలేదు.

మా ఇంట్లో పరికరాలు మాట్లాడుకునే పద్ధతి పేరు ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా కనిపెట్టుకుని ఉండటానికి తయారుచేశారు. అందులో నాకు బాగా ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది, దాని పేరు అక్షరాలా "చివరి వీలునామా". సర్వరుతో కలిసిన మొదటి క్షణంలోనే పరికరం ఒక మాట అప్పజెప్పుకుంటుంది: నేను చెప్పాపెట్టకుండా మాయమైతే నా తరఫున ఈ వాక్యం అందరికీ వినిపించు. మా రూటరూ సర్వరూ ఇన్వర్టరు మీద ఉంటాయి, మోటరూ గీజరూ ఉండవు. అందుకని ఆదోనిలో కరెంటు పోయినప్పుడల్లా, బెంగళూరులో ఏ మీటింగులోనో ఉన్న నాకు రెండు వీలునామాలు అందుతాయి. ఇంటి క్షేమసమాచారం అలా తెలుస్తుంది. నాన్న మాత్రం ఏమీ చెప్పి పెట్టుకోలేదు.

ఇక డ్రై రన్. దూరం నుంచి చేయగలిగినదంతా చేశాను. లాగ్ తీశాను. రోజు మార్చి రోజు, తెల్లారి ఐదూ నలభై ప్రాంతంలో, మూడుసార్లు వరసగా నాలుగేసి నిమిషాలు. ఆ తర్వాత నాలుగోసారి వేసినప్పుడు మాత్రం హాయిగా అరగంట తిరిగి ట్యాంకు నింపుతోంది. ఇక్కడే నాకు అనుమానం రావాలి, వచ్చింది కూడా: చెడిపోయిన వస్తువు ఇంత క్రమశిక్షణగా ఉండదు. ఫుట్ వాల్వు కారుతుంటే మొదటిసారి గాలి పట్టి నీళ్ళెక్కవు, నిజమే, కానీ ప్రతిసారీ లెక్క పెట్టినట్టు మూడుసార్లేనా?

దసరాకు వెళ్ళినప్పుడు వరసగా చూసుకుంటూ పోయాను. మోటరు దగ్గర పైపు విప్పి ఇరవై లీటర్ల బకెట్ పెట్టాను. 35 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 34 లీటర్లు. మోటరు భేషుగ్గా ఉంది. మిద్దెక్కి సెన్సారు కడ్డీలను స్టీలు గరిటెతో కలిపాను, ఫోనులో ట్యాంకు నిండినట్టు చూపించింది. సెన్సార్లూ బానే ఉన్నాయి. పైపు పొడుగునా చెమ్మ లేదు. ఒకవేళ ఎక్కడో కారిపోతున్నా, నాలుగు మూళ్ళు పన్నెండు నిమిషాలు, నాలుగువందల లీటర్లు. అన్ని నీళ్ళు గోడలో దాక్కోలేవు.

నాలుగువందల లీటర్లు అంటే రెండు డ్రమ్ములు.

మర్నాడు నీళ్ళొచ్చే రోజు. ఐదున్నరకు లేచి వెనక్కి పోతే, నాన్న ఎప్పుడో మొక్కలకని డెలివరీ పైపుకు టీ వేసి పెట్టిన కొళాయికి గొట్టం తగిలించి ఉంది. గొట్టం గోడ దాటి పక్కింటి ఖాలా వాకిట్లోకి పోతోంది. వాళ్ళకు సంపు లేదు. వీధిలో వాళ్ళంతా పైపుకే మోటర్లు పెట్టి లాగుతుంటే చివరింటి కొళాయిలోకి వచ్చేది గాలే. కొడుకు సౌదీలో ఉంటాడు, ఆమెకు మా అమ్మ కన్నా ఎక్కువ వయసు. ట్యాంకు మట్టం పెరగలేదు కాబట్టి కంట్రోలరు నాలుగు నిమిషాలకు ఆపుతోంది. అమ్మ లోపలికొచ్చి మళ్ళీ వేస్తోంది. అట్లా మూడుసార్లు.

"చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"చెప్తే నువ్వు దానికీ ఒక యాప్ పెడ్తావు" అంది. తర్వాత కాసేపాగి అడిగింది: "అది నీకు చెప్తాదా, నేను నీళ్లిచ్చినానని?"

"నీళ్లిచ్చినావని చెప్పదు. నీళ్లు లేవని చెప్తాది."

రే బ్రాడ్‌బరీ 1950లో రాసిన కథ ఒకటుంది, "దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్". ద మార్షియన్ క్రానికల్స్‌లో అది 2026 ఆగస్టులో జరుగుతుంది. అణుదాడిలో మనుషులంతా పోయినా ఇల్లు మాత్రం టిఫిను వండుతూ, నేల ఊడుస్తూ, టైము చెబుతూ ఉంటుంది. స్మార్ట్ హోమ్‌ల మీద ఎవరేం రాసినా ఆ కథే ఉదహరిస్తారు, నేనూ ఉదహరిస్తున్నాను. కాకపోతే నాకు అందులో ఎప్పుడూ కొరతగా అనిపించేది ఆ ఇంటికి పొరుగు లేకపోవడం. ఊరంతా బూడిదయింది కాబట్టి కథకుడికి ఆ వెసులుబాటు ఉంది. కంట్రోలరు తయారుచేసినవాళ్ళకు ఆ వెసులుబాటు ఎవరిచ్చారో! వాళ్ళ బొమ్మలో సంపు ఉంది, మోటరు ఉంది, ట్యాంకు ఉంది, చుట్టూ గీత ఉంది.

ఆ రోజు అమ్మ లాగ్ మొత్తం చూపించమంది. చూపించాను. మోటరు, గీజరు, మెట్ల లైటు. పడగ్గది దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా పట్టుకుంది. రెండూ నలభై ఆన్, మూడూ యాభై ఆఫ్. రెండుంబావు ఆన్. మళ్ళీ రెండూ నలభై. పేజీ జరిపేకొద్దీ అవే. ఆ సంగతి నాకు ఎన్నో నెలలుగా తెలుసు, ఆమెకు నిద్ర పట్టదని తెలుసు, ఎట్లా అడగాలో తెలియక అడగలేదు. అమ్మ ఫోను తిరిగిచ్చేసి, "ఇది తీసెయ్ నాయనా. మోటరు ఉండనీ" అంది. సాయంత్రానికల్లా ఆ స్విచ్చు తీసి పాతది బిగించాను. అది బిగిస్తుంటే స్టూలు పట్టుకుని నిలబడి, నిద్ర పట్టని రాత్రుల్లో ఏం చేస్తుందో తనే చెప్పింది. ఎక్కువ భాగం నాన్న డైరీలు. జిన్నింగు మిల్లులో గుమాస్తా కదా, అన్నీ పత్తి ధరలే.

మోటరుకు మందు దొరికింది. నీళ్ళున్నాయా లేవా అన్నది ట్యాంకును కాదు, సంపును అడగాలి. సంపులో ఒక ఫ్లోట్ స్విచ్చు వేలాడదీసి, అది తేలుతున్నంతసేపూ డ్రై రన్ లెక్క పట్టించుకోవద్దని రాశాను. మా వీధి ఎలక్ట్రీషియన్ అరగంటలో తీగ లాగాడు. ఇప్పుడు రెండు డ్రమ్ములూ ఒక్క ఊపులో నిండుతున్నాయి. మొన్నోసారి ఖాలా కొళాయి కట్టెయ్యడం మరిచిపోయి వాకిలంతా చెరువైందట. ఇద్దరూ కలిసి నన్నే తిట్టారట.

మిగిలింది మిద్దె మీది కడ్డీలు. నీళ్ళు చాలనప్పుడు బోరు నీళ్ళు కూడా ట్యాంకుకే ఎక్కిస్తాం. అవి ఉప్పునీళ్ళు, ఆర్నెల్లకల్లా కడ్డీలకు తెల్లగా సున్నం పేరుకుంటుంది. వెనిగర్‌లో నానబెట్టమని చెప్పాను. ఆ డబ్బాలు ఇంట్లో ఎందుకు, చింతపండు పెట్టి తోమితే పోదా అంది అమ్మ. పోయింది.