వాయిదాల ఖర్చు ఎవరు భరించాలి?

ప్రజాసంఘాల గురించి రాసే పాత్రికేయులు ధర్నాలను చూస్తారు, వాయిదాలను చూడరు. వృత్తిరీత్యా పలు రాష్ట్రాలలో దళిత, ఆదివాసీ సంఘాల కార్యకర్తలతో మాట్లాడే అవకాశం నాకు కలిగింది. సంభాషణ ఎక్కడ ప్రారంభమైనా చివరకు ఒకే చోటికి చేరేది. తదుపరి వాయిదా ఎప్పుడు? ప్లీడరుగారికి ఎంత ఇవ్వాలి? సాక్షులను పట్నానికి తీసుకువెళితే వారి ఆనాటి కూలి ఎవరిస్తారు? సిద్ధాంత విభేదాలతో చీలిపోయిన సంఘాల గురించి మనం చాలా చదివాం. ఛార్జిషీటు నకళ్లకు, బస్సు ఛార్జీలకు డబ్బు లేక సన్నగిల్లిపోయిన సంఘాల చరిత్రను మాత్రం ఎవరూ రాయలేదు.

ఇది కొత్త సమస్య కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్, ఆయన వెంట నడిచిన వేలాదిమంది చవదార్ చెరువు నీటిని తాగారు. ఆ చెరువు తమ సొంత ఆస్తి అంటూ సవర్ణులు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు దళితుల పక్షాన తీర్పు చెప్పేసరికి 1937 మార్చి వచ్చింది. దోసెడు నీటి కోసం దాదాపు పదేళ్ల వ్యాజ్యం! నాయకుడే బారిస్టరు కావడం ఆ ఉద్యమం చేసుకున్న అదృష్టం. అటువంటి అదృష్టం లేని సంఘాల సంగతేమిటన్నదే అప్పటినుంచీ మన ముందున్న ప్రశ్న.

రాజ్యాంగం ఈ ప్రశ్నకు సగం సమాధానం చెప్పింది. 1976 నాటి 42వ సవరణ ద్వారా చేరిన 39ఏ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యం బాధ్యతగా పేర్కొంది. 1987లో చేసిన న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని పొందే హక్కు ఉంది. ఇది విలువైన హక్కు. అయితే ఇది వ్యక్తిని మాత్రమే గుర్తిస్తుంది. బాధితుని చేత ఫిర్యాదు రాయించి, సాక్షులకు ధైర్యం చెప్పి, ఎఫ్ఐఆర్ నమోదయ్యేదాకా ఠాణా ముందు కూర్చున్న సంఘం ఈ చట్టం కంటికి ఆనదు. కార్యకర్త దళితుడైతే తన మీద పెట్టిన కేసులో అతనికి న్యాయవాది దొరకవచ్చు. ఏ కేసు పెట్టాలో, ఏ సాక్ష్యాన్ని ఎలా భద్రపరచాలో ముందుగా సలహా చెప్పే న్యాయవాది సంఘానికి దొరకడు.

న్యాయ సహాయమంటే ఫీజు ఒక్కటే కాదని తెలుగువారికి చుండూరు నేర్పింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్లోనే ఏర్పాటు చేయాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు. కూలికి పోతే తప్ప పూట గడవని సాక్షికి కోర్టు నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం ఎంత పెద్ద సహాయమో వేరే చెప్పనక్కరలేదు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. హత్యాకాండ నుంచి ఆ తీర్పుకు 23 ఏళ్లు. ఇంతకాలం ఒక కేసు వెంట నిలబడే ఓపిక, డబ్బు ఒక్కొక్క కుటుంబానికి ఎక్కడివి? అందుకు సంఘం కావాలి. సంఘానికి వకీలు కావాలి.

ఆ వకీళ్లు మనకు లేకపోలేదు. కన్నబిరాన్, బాలగోపాల్, బొజ్జా తారకం పేర్లు ఈ నేలపై ఎవరికి తెలియవు? గణితశాస్త్ర ఆచార్యుడైన బాలగోపాల్ తర్వాతి కాలంలో నల్లకోటు వేసుకున్నారు. అయితే 2009లో ఆయన, 2010లో కన్నబిరాన్, 2016లో తారకం వెళ్లిపోయారు. వారి త్యాగాన్ని కీర్తించడంలో మనం ఏనాడూ వెనుకబడలేదు. కాని త్యాగం వారసత్వంగా రాదు. ఇంటి అద్దె కట్టవలసిన యువ న్యాయవాదిని, అందులోనూ దళిత కుటుంబం నుంచి తొలిసారి బార్‌లో అడుగుపెట్టిన వారిని, ఉచితంగా వాదించమని అడిగే నైతిక అధికారం మనకు లేదు. పేదల న్యాయం మరో పేద న్యాయవాది ఆకలి మీద నడవకూడదు.

డబ్బు వచ్చే దారులు సైతం ఇరుకయ్యాయి. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, ఒక సంస్థ తనకు అందిన విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. పరిపాలన వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. విదేశీ నిధులకు లెక్క చెప్పాలనడంలో తప్పు లేదు. కాని పెద్ద సంస్థ లెక్క అప్పజెబుతూనే మారుమూల సంఘానికి నాలుగు రూపాయలు అందించే మార్గం ఆ దెబ్బతో మూసుకుపోయింది.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌ను చూడండి. అక్కడ 1993లో ఏర్పడిన లీగల్ ఎయిడ్ అండ్ సర్వీసెస్ ట్రస్టు, సంక్షిప్తంగా బ్లాస్ట్, పేదల కేసులను వాదిస్తూనే వారెంటు లేని అరెస్టుల మీద ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేసింది. 2003లో హైకోర్టు మార్గదర్శకాలిచ్చింది, 2016లో అప్పీలు విభాగం వాటిని ఖాయపరిచింది. విడివిడి కేసులలో కనిపించే అన్యాయపు పోలికను గుర్తించి ప్రశ్నించాలంటే శాశ్వతంగా కొనసాగే సంస్థ ఉండాలి.

మన చట్టాలలోనూ ఆధారాలున్నాయి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేర్చిన 15ఏ సెక్షన్ స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సహాయం పొందే హక్కును బాధితులకిచ్చింది. 1995 నాటి నియమాల ప్రకారం బాధితులు కోరితే జిల్లా మేజిస్ట్రేటు ప్రముఖ సీనియర్ న్యాయవాదిని తగిన ఫీజుతో నియమించవచ్చు. ఈ నియమం కింద అర్జీలు ప్రతి కలెక్టరేటుకూ వెళ్లాలి. జిల్లా న్యాయ సేవల సంస్థలు సంఘాలకు ముందస్తు సలహా ఇవ్వడాన్ని తమ విధిగా గుర్తించాలి. మరి మన వంతు? ఊరేగింపుకు బ్యానరు కట్టించే చందాలో కొంత భాగాన్ని న్యాయనిధిగా వేరుచేసి, జిల్లాకొక యువ న్యాయవాదికి నెలనెలా గౌరవప్రదమైన జీతం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. అటువంటి నిధి ఉన్న ఊళ్లో ఫిర్యాదు రాయడానికి వచ్చిన మనిషి, ఫీజు ఎంతని అడగకుండా ముందు తన బాధ చెప్పుకోగలుగుతాడు.