స్వభావమా, గ్రంథిలోపమా?



ఇంటిలోని వారి స్వభావమును నిర్ణయించుటకు మనకు మిక్కిలి తొందర. పొద్దెక్కువఱకు లేవని కోడలు సోమరి. చిన్న మాటకే కన్నీరు పెట్టు ఆడుబిడ్డ గయ్యాళి. నేడు నేర్పిన పద్యమును రేపటికి మఱచు పిల్లవాడు మందబుద్ధి. ఒకసారి యీ పేరు పడెనా, జన్మాంతము వదలదు. అట్టి పేరు పెట్టుటకు ముందు మన దేహములో రేయింబవళ్ళు వార్తలు మోయు రెండు మండలములను గూర్చి కొంచెము తెలిసికొనుట మేలని నాకు తోచుచున్నది.

మొదటిది నాడీమండలము. వైద్యుడు మణికట్టు పట్టి చూచు నాడి రక్తనాళపు కొట్టుకొనుట, అది వేఱు. మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేరి దేహమంతట వ్యాపించిన సన్నని తంతువులనే నేనిచట నాడులనుచున్నాను. కాలిన పెనము వ్రేలికి తగిలినంతనే, కాలినదని మనస్సునకు తెలియకమునుపే చేయి వెనుకకు వచ్చును. ఆ యాజ్ఞ వెన్నుపాములోనే పుట్టును. మెదడునకు కబురు తరువాత చేరును. మన నాడులలో మిక్కిలి వేగముగలవి సెకనుకు సుమారు 100 మీటర్ల వడితో వార్తను గొనిపోగలవు.

రెండవది వినాళగ్రంథుల మండలము. ఈ గ్రంథులకు నాళములు లేవు. ఇవి తమ రసములను నేరుగా రక్తములో కలుపును. ఆ రసములకు హార్మోనులని 1905లో పేరు పెట్టినవాడు స్టార్లింగను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. నాడి టెలిఫోను వంటిది. పిలిచిన చోటికే, పిలిచిన క్షణముననే పలుకును. హార్మోను మన పాకాల చెఱువు నీటి వంటిది. తూము ఎత్తిన పిమ్మట కాలువ వెంబడి మెల్లగా సాగును. ఎన్నో పొలముల ప్రక్కగా పోవును. గట్టు తెఱచియుంచిన మడియే ఆ నీటిని త్రాగును.

ఈ రెండును ఒకదానితో నొకటి మాటలాడుకొనుచుండును. పసిబిడ్డ నూతిగట్టుపై వంగుట తల్లి కంటబడినదనుకొందము. ఆ వార్త మెదడునకు పోవును. మెదడు నాడుల ద్వారా మూత్రపిండములపై నున్న అధివృక్కగ్రంథులకు ఆజ్ఞ పంపును. అవి అడ్రినలినను రసమును రక్తములో విడుచును. బిడ్డను ఎత్తుకొనిన తరువాతను కొంతసేపు గుండె దడదడలాడుట యిందువలననే. ప్రమాదము తొలగినది గాని రసము ఇంకను తొలగలేదు. ఆ వేళ తల్లి నోట వచ్చు కేకను కోపమని యెట్లనగలము?

ఇక మన కథకు ముఖ్యమైనది అవటుగ్రంథి. దీనినే థైరాయిడందురు. మెడ ముందువైపున సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండును. బరువు 20 గ్రాములకు అటునిటు. దీని రసము థైరాక్సిను. దేహములోని కణములు ఎంత చుఱుకుగా పనిచేయవలెనో నిర్ణయించునది ఇదియే. ఈ రసము తగ్గినప్పుడు మెదడులోని హైపోథాలమసను భాగము, దాని క్రింద వ్రేలాడు పీయూషగ్రంథిని హెచ్చరించును. పీయూషగ్రంథి టి.ఎస్.హెచ్. అను రసమును పంపి అవటుగ్రంథిని తొందరపెట్టును. చాలినంత థైరాక్సిను రాగానే ఆ తొందర తగ్గును. బియ్యపు డబ్బాలో చేయిపెట్టి చూచి, తగ్గినప్పుడే కొట్టునకు కబురంపు ఇల్లాలి పద్ధతి యిది.

నా సంగతియే చెప్పెదను. నేనొక బడిపంతులుగారి యిల్లాలను. చిన్ననాట మా నాయనగారి యెదుట కూర్చుండి పోతన, శ్రీనాథుల పద్యములను కంఠస్థము చేసితిని. రెండవ కాన్పు జరిగిన పిమ్మట ఆ పద్యములే నన్ను విడిచిపోయినవి. మొదటి పాదము వచ్చును, రెండవది రాదు. వరంగల్లు ఎండలకు అందఱును పంకా క్రింద చేరగా నేను దుప్పటి వెదకుకొనుచుంటిని. జుట్టు రాలెను, ముఖము ఉబ్బెను, లేచిన వేళనుండి నిద్రయే. మా అత్తగారు కఠినురాలు కారు. అయినను, "చదువుకొన్న పిల్ల గదా, పనికి బద్ధకము" అని పొరుగమ్మతో ననిరి. ఆ మాటకు బదులు చెప్పుటకు నాయొద్ద సాక్ష్యమేదియు లేకపోయెను.

సాక్ష్యము రక్తములో నుండెను. మావారు పట్టుపట్టి పరీక్ష చేయింపగా టి.ఎస్.హెచ్. మిక్కిలి హెచ్చుగా నున్నట్లు తేలెను. పీయూషగ్రంథి ఎంత పిలిచినను అవటుగ్రంథి పలుకుట లేదన్నమాట. నాటినుండి ప్రతి యుదయమున పరగడుపున ఒక చిన్న మాత్ర వేసికొనుచున్నాను. అందులో నున్నది ఆ థైరాక్సినే. రెండు నెలలకు చలి తగ్గెను. ఒకనాడు కూర తరుగుచుండగా పద్యము నాలుగు పాదములును తడబాటు లేక వచ్చినవి. మా అత్తగారు గడప దగ్గఱ నిలిచి విని, "ఇంకొకటి చదువమ్మా" అనిరి.

నాది పెద్దదాని కష్టము, మాత్రతో తీఱినది. గర్భములోని శిశువు సంగతి యట్లు కాదు. మొదటి మూడు నెలలలో శిశువునకు సొంత థైరాక్సిను లేదు. దాని మెదడు పెరుగుటకు తల్లి రసమే ఆధారము. ఆ రసము తయారగుటకు అయోడిను కావలెను. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 మైక్రోగ్రాములు చాలును. ఆ కొంచెమును లోపించినచో తల్లికి గళగండము, బిడ్డకు బుద్ధిమాంద్యము కలుగవచ్చును.

ఈ విషయములో దేశమునకు మేలు చేసినవారిలో ఒకరు మన తెలుగువారు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు, నేటి హిమాచల ప్రదేశములోని కాంగ్రా లోయలో 1956లో సహచరులతో ఒక పరిశోధన ఆరంభించిరి. అచటి మట్టిలో అయోడిను లేమిచే గళగండము విస్తారముగా నుండెను. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపిరి. 1962 నాటికి ఆ రెండు భాగములలో వ్యాధి సుమారు సగమునకు తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. పిమ్మట ఆ భాగమునకును అయోడిను ఉప్పునే యిచ్చిరి. ఆ 1962లోనే గళగండ నివారణకు జాతీయ కార్యక్రమము మొదలయ్యెను. ఒక పెద్ద విద్య కడకు మన ఉప్పుజాడీలోనికి వచ్చి చేరినది!

కావున సోదరీమణులారా, ఊరగాయలకు రాళ్ళ ఉప్పు వాడినను, నిత్యపు వంటకు అయోడిను ఉప్పునే వాడుడు. జాడీకి మూత యుంచుడు. తేమకును ఎండకును దూరముగా పెట్టుడు. ఉప్పు ఎక్కువ తినుమని నా భావము కాదు. తిను కొంచెమును అయోడినుగలదై యుండవలెను. గర్భిణికి థైరాయిడు పరీక్ష విషయము వైద్యుని అడుగుడు. పుట్టిన బిడ్డ మడమనుండి రక్తపు చుక్క తీసి చేయు పరీక్షను వద్దనకుడు. లోపము మొదటి వారములలోనే తెలిసినచో మాత్రతో బుద్ధి నిలుచును, ఆలస్యమైనచో పోయినది తిరిగి రాదు.

కోపమున కంతటికిని గ్రంథులే కారణమనియు, బద్ధకమున కంతటికిని మాత్రయే మందనియు నేననను. ఓర్పు, శ్రమ మనము నేర్చుకొనవలసినవే. కాని చుఱుకైన పిల్ల కారణము లేక మందగించినప్పుడు, నవ్వుచు తిరిగిన కోడలు ఊరకే కన్నీరు పెట్టినప్పుడు, నిందించు నోటిని ఒక్క వారము ఆపి రక్తపరీక్ష చేయింపుడు. ఫలితము బాగుగా నున్నయెడల నష్టమేమియు లేదు. లోపము తేలినయెడల ఒక మనిషి మఱల మన యింటికి వచ్చినట్లే.