నారదుడి కడుపుమంట, మన రిలీజ్ మెయిలు

సినిమావాళ్ళ మీద సినిమాలు, పత్రికలవాళ్ళ మీద నవలలు చాలానే వచ్చాయి. కానీ ఒక వృత్తిలో ఉన్నవాళ్ళకే అర్థమయ్యే జోకుల్ని తీసుకెళ్ళి మాయామంత్రాల కథలో దాచేస్తే ఎలా ఉంటుంది? జర్మన్ రచయిత వాల్టర్ మోర్స్ 2004లో ఆ పనే చేశాడు. పుస్తకాల మీదే బతికే ఒక ఊరు, ఆ వ్యాపారాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్న ఒక విలను. గోథే, ఎడ్గార్ అలన్ పో లాంటి వాళ్ళ పేర్లలో అక్షరాల్ని కలగాపులగం చేసి అందులో కవులకి పెట్టాడు. తెలిసినవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడు కథ చదువుకుంటాడు.

భలే ఐడియా అనుకుంటుండగానే మా జిల్లా గుర్తొచ్చింది. మాది కోసిగి. ఆదోనికీ మంత్రాలయానికీ మధ్య రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించే రాళ్ళగుట్టల ఊరు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన "కళాపూర్ణోదయం" అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకి. 2022లో వేరే జిల్లా అయిందిగానీ, అంతదాకా నంద్యాల మా కర్నూలు జిల్లాలోదే. కవి పేరు, కృతిభర్త పేరు బట్టీపట్టి, పరీక్షలో రాసేసి, ఎంసెట్ పుస్తకాల్లో పడిపోయిన బ్యాచ్ మనది. ఆ రెండు పేర్ల మధ్య ఎంత గమ్మత్తైన కథ ఉందో ఎవడు చూశాడు చెప్పండి!

అందులో నారదుడి సంగతే చూడండి. వైకుంఠంలో విష్ణుమూర్తి తుంబురుణ్ణి పిలిపించుకుని, పాట విని సన్మానిస్తాడు. నారదుడికి ఒళ్ళు మండుతుంది. దేవర్షి, త్రిలోక సంచారి, అయితేనేం? పక్క సీటువాడికి ప్రమోషన్ వస్తే మనకి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. తుంబురుణ్ణి ఓడించాలన్న పంతంతో ఏళ్ళ తరబడి సంగీతం నేర్చుకుంటాడు, చివరికి కృష్ణుడి ఇంటిదాకా వెళ్తాడు. ఇది దేవలోకం కథ అంటే నేను నమ్మను. రాజాస్థానాల్లో కవుల మధ్య నడిచే భాగోతమే ఇదని నా అనుమానం. ఆ రోజుల్లో రాజే పబ్లిషరు, రాజే రివ్యూయరు, రాజే పేమాస్టరు. ఆయన ముందు కూర్చుని "మీ కొలువులో మేమిలా కుళ్ళుకుంటుంటాం ప్రభూ" అని నేరుగా చెప్పగలడా? నారదుడి పేరు పెట్టి చెప్పాడు.

ఇంకో తమాషా. కథ లోపల బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. అందులో పాత్రల పేర్లన్నీ వాళ్ళిద్దరి ప్రణయ కలహంలో జరిగినవాటికి గుర్తులు. అంటే పక్కా ఎన్‌క్రిప్షన్, తాళంచెవి ఆ ఇద్దరి దగ్గరే. అయినా కథ బయటికి పొక్కుతుంది! వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు పేరులోనే "ఎన్నడూ చెప్పకూడని కథ" అన్న అర్థం పెట్టారు. ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ పలికేలా "రాఘవపాండవీయం" రాసిన మనిషికి ఇదొక లెక్కా!

సరే, దాచడం ఎందుకు? సరదా ఒక కారణం. నేరుగా చెప్పే వీల్లేకపోవడం రెండోది. 1980లో వచ్చిన అటారీ "అడ్వెంచర్" ఆట తెలుసు కదా. ఆటలు తయారుచేసినవాళ్ళ పేర్లు వేయడం ఆ కంపెనీకి ఇష్టం లేదు. వారెన్ రాబినెట్ ఏం చేశాడంటే, కంటికి ఆనీ ఆనని ఒక చుక్క పట్టుకెళ్తే తప్ప తెరుచుకోని గదిలో తన పేరు రాసి పెట్టి, చెప్పకుండా ఉద్యోగం మానేశాడు. తర్వాత ఎవరో కుర్రాడు దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు.

మన దాసరి సుబ్రహ్మణ్యం గారికి ఆ చుక్క కూడా దొరకలేదు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు 1947లో మొదలుపెట్టిన చందమామలో, 1954 "తోకచుక్క" మొదలుకొని పాతికేళ్ళకి దగ్గరగా మనల్ని మాంత్రికుల వెంట పరిగెత్తించిన సీరియల్స్ ఆయనవే. పేరు మాత్రం వేసేవాళ్ళు కాదు. ఆ పేరు తెలియకుండానే మన ముందు తరం పెరిగి పెద్దయింది. ఆయన 2010లో పోయారు. పేరు లేకపోయినా కథ నిలబడింది కదా అనొచ్చు మీరు. నిలబడింది, కానీ కథ నిలబడటం వేరు, మనిషి కనబడటం వేరు.

మా ఊళ్ళో సుగ్గికి పోవడం అంటారు. పనుల్లేని కాలంలో ఇళ్ళకి తాళాలేసి గుంటూరు మిరప చేలకి, బెంగళూరు బిల్డింగులకి పోతారు. వరసకి మామయ్యే ఒకాయన బెంగళూర్లో మేస్త్రి. "మామా, ఇన్ని అపార్ట్‌మెంట్లు కట్టినావు, నీ పేరు యాడన్నా ఉందా?" అని అడిగినా.

"ఉండాది లేప్పా. నీళ్ళ ట్యాంకు మింద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు పుల్లతో గీకినా. ఎవురు సూస్తారు ఆడికి పోయి?" అన్నాడు.

మన కొలువులో పరిస్థితి ఇంకా విచిత్రం. పని నడుస్తున్నంత కాలం స్లైడు మీద ఎవరి పేరో ఉంటుంది. ప్రొడక్షన్ పడిపోయిన రోజు గిట్ బ్లేమ్‌లో మాత్రం మన పేరు తళతళలాడుతుంది!

నాకు టీము అప్పజెప్పినప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. రిలీజ్ మెయిల్లో ఎవరు ఏం చేశారో పేరుపేరునా రాస్తాను, టెస్టింగ్ చేసిన కాంట్రాక్టు అమ్మాయితో సహా. "ఇంత పొడుగు మెయిలు ఎవడు చదువుతాడయ్యా" అని పైవాళ్ళు రెండుసార్లు అన్నారు. చదవాల్సినవాళ్ళు చదువుతున్నారు. పోయిన నెల ఆ అమ్మాయి దాన్ని ప్రింటు తీసి వాళ్ళ నాన్నకి చూపించిందట.

ఈస్టర్ ఎగ్గులు నాకూ ఇష్టమే. సరదాకి దాచుకుంటే ముచ్చట. పేరు చెప్పుకోవడానికి వేరే దారి లేక దాచుకోవాల్సి వస్తే మాత్రం, అది నవ్వుకోవాల్సిన జోకు కాదు.