అమ్మ అడిగిన ఫోటో

మాది గిలకలదిండి. సముద్రం, కాలువలు, రొయ్యల చెరువులు, అన్నీ నేలబారున పరుచుకొని ఉండే నీళ్లే. కొండమీదనుంచి దూకే నీటిని మా వీధిలో చూసినవారు తక్కువ.

అమ్మకు నీళ్లంటేనే భయం. ఆమె పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో అమ్మమ్మ, చిన్న మామయ్య కొట్టుకుపోయారు. ఇంటితోపాటు వారి ఫోటోలు కూడా పోయాయి. అప్పటినుంచి నాన్న పడవ ఒడ్డుకు చేరినా అమ్మ రేవుకు వెళ్లేది కాదు.

గత క్రిస్మస్ పండుగ తరువాత మాచర్లలోని అక్క ఇంటికి వెళ్లాము. అక్కడికి ఎత్తిపోతల దగ్గరే. రమ్మంటే, "మీరు వెళ్లిరండి నాయనా" అంది అమ్మ. "పోనీ, ఫోటో తీసుకొస్తాను, చూస్తావా?" అన్నాను. ఔననలేదు, కాదనలేదు.

ఉదయపు చలిలో కెమెరాతో వెళ్లాను. చంద్రవంక నది అక్కడ దాదాపు 70 అడుగుల ఎత్తునుంచి పాయలుపాయలుగా లోయలోకి దూకుతుంది. షట్టరు వేగం సెకనులో 500వ వంతు పెట్టి మొదటి ఫోటో తీశాను. నీరు గడ్డకట్టినట్టు, విరగబోయే కెరటంలా వచ్చింది. చూస్తే నాకే గుండె ఝల్లుమంది. కెమెరాను స్టాండుమీద నిలిపి, అర సెకను తెరిచి ఉంచి మరొకటి తీశాను. ఎండ ముదిరితే అంతసేపు తెరిచిన ఫోటో తెల్లగా మాడిపోతుంది. చలికాలపు పొద్దుటి నీడ కలిసివచ్చింది. నీరు మెత్తని తెరలా దిగింది.

ఇంటికి వచ్చి రెండవదే చూపించాను.

"ఇది ఆరేసిన చీరలా ఉందిరా. నీళ్లేవి?" అంది అమ్మ.

దాచలేక మొదటిది చూపించాను. చాలాసేపు చూసింది.

"ఆ, నీళ్లంటే ఇలా ఉంటాయి. ఇవి ఎటు పోతాయి?"

"కృష్ణలో కలుస్తాయమ్మా. ప్రకాశం బ్యారేజీ దగ్గర కొన్ని బందరు కాలువకు మళ్లుతాయి. బ్యారేజీ దాటినవి దివిసీమ మీదుగా సముద్రానికి పోతాయి."

"అయితే మా ఊరికే వెళతాయన్నమాట."

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ అమ్మమ్మను, మామయ్యను పేరుపెట్టి తలచుకుంది. అంతకుముందెన్నడూ మా ఎదుట ఆ పేర్లు పలకలేదు. తెల్లవారగానే, "నన్నూ తీసుకువెళ్లు" అంది.

జలపాతానికి ఎదురుగా కమ్మీ పట్టుకొని నిలబడింది. రెండవ చేయి నా చేతిలో వణుకుతూనే ఉంది. కాసేపటికి చేయి విడిపించుకొని కొంగు సరిచేసుకుంది.

"నన్నొక ఫోటో తియ్యి. మా అమ్మది ఒక్కటైనా లేదు నాకు. మీకైనా నాది ఉండాలి."

ప్రియ చదువరులారా, అమ్మ బాధపడుతుందని ఆ ఫోటో దాచబోయాను. నలభై యేళ్లకు పైగా మా ఇంట్లో అందరమూ చేసిన పని అదే. మీ ఇంట పెద్దలు చెప్పుకోని దుఃఖమేదైనా ఉంటే, ఒకసారి పక్కన కూర్చొని అడగండి.

ఆ ఫోటో ఇప్పుడు మా గోడమీద ఉంది. అమ్మ వెనుక నీళ్లు దూకుతూనే ఉన్నాయి.