పిచ్చర్ లేసు ఊడింది

ఆటోనగర్,
విశాఖపట్నం

ఒరే మావా,

నువ్వు దుబాయ్ పోయాక అంపైరింగ్ గురించి నాతో దెబ్బలాడే మనిషే లేడు. అందుకే రాస్తున్నా.

మొన్న ఆదివారం సాఫ్ట్‌బాల్‌లో మళ్ళీ అదే తంతు. షెడ్ల కుర్రాళ్ళ జట్టు రెండు పరుగులు ముందుంది. టైం దాటితే కొత్త ఇన్నింగ్స్ ఉండదని ముందే ఒప్పందం. ఇంకేటుంది? పిచ్చర్ లేసు ఊడింది. అది కట్టుకుంటే రెండోది ఊడింది. క్యాచర్ తాపీగా నడిచొచ్చి చెవిలో ఏదో ఊదాడు. బేస్ దగ్గరోడికి కంట్లో దుమ్ము పడింది (ఆటోనగర్ కదా, అది మాత్రం నిజమే అయ్యుండొచ్చు). అంపైర్ కుర్రాడు 'ప్లే, ప్లే' అని అరుస్తూనే ఉన్నాడు.

కావాలని సాగదీస్తే ఆటను అవతలి జట్టుకి 7-0తో ఇచ్చెయ్యొచ్చని రూల్ బుక్కే చెప్తోంది. కానీ అంత పెద్ద కత్తి ఎవడు దూస్తాడ్రా? 'నిజంగానే ఊడింది సార్' అంటే ఏం రుజువు చేస్తావు? నన్నడిగితే వాడి ఉద్దేశం జోలికే పోకూడదు, వాచీ చూడాలి. బంతి అందాక 20 సెకన్లలో వెయ్యకపోతే బ్యాటర్‌కి ఒక బాల్. బ్యాటర్ని పిలిచాక 10 సెకన్లలో బాక్స్‌లోకి రాకపోతే స్ట్రైక్. శిక్ష చిన్నది, కొట్లాటకి ఎవడూ రాడు. అయితే మొదటి ఇన్నింగ్స్ నుంచే ఇవ్వాలి. ఆఖర్లో వాచీ తీస్తే పక్షపాతం అంటారు, అనాలి కూడా. లేసుకి టైం ఇచ్చావా, మ్యాచ్ గడియారాన్నీ ఆపెయ్. లాభం లేకపోతే లేసులు వాటంతటవే ఊడవు.

ప్రో కబడ్డీలో చూడు, రెండు రైడ్లు ఖాళీగా తిరిగొస్తే మూడోది చావో రేవో. రైడర్ మనసులో ఏముందని రెఫరీ అడుగుతాడా? అంతర్జాతీయ వన్డేల్లో, టీ20ల్లో కూడా ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 60 సెకన్ల గడియారం పెట్టారు. రెండు హెచ్చరికలయ్యాక మూడోసారి ఆలస్యమైతే 5 పరుగులు బ్యాటింగ్ జట్టుకి పోతాయి.

ఒక్కటే తేలలేదు. 5 ఇన్నింగ్స్ అవకుండా ఆట ఆగిపోతే ఫలితం లెక్కలోకి రాదు కదా. డిసెంబరులో అయిదున్నరకే చీకటి. ఓడిపోతున్న జట్టు దాన్ని నమ్ముకుని సాగదీస్తే గడియారం ఆపడం వాళ్ళకే లాభం. నువ్వైతే ఏం చేస్తావు? వచ్చే మ్యాచ్‌కి ముందే రాయి, కెప్టెన్లకి చెప్పాలి.

నీ
మావ